పాత అమెరికా కార్లు – పొగను అదుపు చేసే పరికరాలు

పొగగొట్టం నుండి కంటికి కనిపించే నల్లపొగ ఒక్కటే హాని చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. కారు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అమెరికాలో స్థిరపడిన మనవారిలో 1960, 70ల నాటి కార్లను కొని బాగుచేసుకునే సరదా ఉన్నవారి కోసం ఈ పాఠం రాస్తున్నాము.

లాస్ ఏంజలస్‌లో 1940లలో కళ్ళు మండించే పొగమంచు కమ్ముకునేది. కార్ల నుండి వచ్చే కాలని పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో ఆరీ హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త తేల్చారు. ఓజోన్ ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవారికి.

దీనికి విరుగుడుగా మొదట వచ్చింది పి.సి.వి. వాల్వు. పిస్టన్ల పక్కనుండి ఇంజను అడుగుకు జారే వాయువులు అంతకుముందు ఒక గొట్టం గుండా నేరుగా రోడ్డు మీదికి పోయేవి. ఈ వాల్వు వాటిని తిరిగి ఇంజనులోకే పంపి కాల్పిస్తుంది. కాలిఫోర్నియా కార్లకు 1961 మోడళ్ళ నుండి, దేశమంతటా 1963 నుండి దీన్ని అమర్చారు. ఇంత చిన్న వస్తువు ఇంత మేలు చేయడం అరుదు. తరువాత ఎయిర్ పంపు, పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా, ఇ.జి.ఆర్. వాల్వు వచ్చాయి.

1975 మోడళ్ళలో ఎక్కువ వాటికి కెటాలిటిక్ కన్వర్టర్ పెట్టారు. సీసం కలిసిన పెట్రోలు పోస్తే అది పాడైపోతుంది. అందుకని సీసం లేని పెట్రోలు బంకులలోకి వచ్చింది. 1976–1980 మధ్య అమెరికన్ల రక్తంలో సీసం సగటున డెసిలీటరుకు సుమారు 15 మైక్రోగ్రాముల నుండి 10కి దిగింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది గనుక ఇది చిన్న లాభం కాదు. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000లో వచ్చింది.

ఈ పరికరాలు ఇంజను బలాన్ని తగ్గిస్తాయని కొందరు ఊడదీస్తారు. కొంత తగ్గిన మాట నిజమే. కానీ 1972లో హార్స్‌పవర్ కొలిచే పద్ధతే మారింది, కంప్రెషన్ కూడా తగ్గించారు. నింద మాత్రం అంతా వీటిమీదే పడింది! వీటిని తీసివేయడం అక్కడి చట్టానికీ విరుద్ధం.

అన్నీ సరిగా ఉన్నా సరే, గ్యారేజీలో ఇంజను నడపకండి. తలుపు తెరిచి ఉంచినా చాలదు. చల్లగా ఉన్న కన్వర్టర్ పనిచేయదు. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతులు కనిపిస్తే ఫ్లూ అని సరిపెట్టుకోకుండా వెంటనే బయటికి వచ్చి 911కు ఫోను చేయాలి. డాక్టరుతో కారు సంగతి తప్పక చెప్పండి. వేలికి పెట్టే ఆక్సిమీటరు ఈ విషాన్ని గుర్తించలేక అంతా బాగున్నట్లే చూపవచ్చు. దీనికి వేరే రక్తపరీక్ష చేయాలి.