రణపాల ఆకులో కొలువు పాఠం

గాజులరామారంలో బైపీసీ చదివే పిల్లలకు ఉద్యోగం అనగానే పక్కనున్న జీడిమెట్ల మందుల కంపెనీలు, శామీర్‌పేట జీనోమ్ వ్యాలీ గుర్తొస్తాయి. వృక్షశాస్త్రం చదివితే ఆ గేటు దాటలేమన్న భయం ఇళ్లలో ఉంది. ఆ భయం సబబు కాదు. ఆమ్లత్వం ఎంజైమ్‌ను ఎలా అదుపు చేస్తుందో ఒక్క ఆకులో క్షుణ్ణంగా నేర్చుకున్నవారికి ఫెర్మెంటర్ దగ్గర పీహెచ్ ఎందుకు కాపాడాలో వేరే చెప్పనక్కర్లేదు.

కుండీలో పెరిగే రణపాలనే తీసుకోండి. దాని ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రం చేదుగా ఉంటుందని ఒకప్పుడు సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట బాధ్యత చూసిన బెంజమిన్ హైన్ రాసిన లేఖ 1815లో అచ్చయింది. ఎండలో నీరు పోకుండా ఈ మొక్క రాత్రిపూటే పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీలుస్తుంది. పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ దాన్ని పట్టుకోగా తయారైన మాలిక్ ఆమ్లం కణంలోని రిక్తికలో చేరుతుంది. తెల్లారేసరికి అక్కడి పీహెచ్ దాదాపు 3.5కు దిగుతుంది. పగలు ఆ ఆమ్లం మాలేట్ రూపంలో బయటికి వచ్చి, విడిపోయి, కార్బన్ డయాక్సైడ్‌ను రూబిస్కో అనే మరో ఎంజైమ్‌కు అందిస్తుంది. అదే మాలేట్ పెప్ కార్బాక్సిలేజ్‌ను అణచిపెడుతుంది. కణద్రవ్యం పీహెచ్ తగ్గినకొద్దీ ఆ పట్టు బిగుస్తుంది. రాత్రి ఎంజైమ్‌కు ఫాస్ఫేట్ తగిలితే పట్టు సడలుతుంది. అంటే ఆమ్లత్వం ఒక్కటే తాళం కాదు, మాలేట్‌తో, ఫాస్ఫేట్‌తో కలిసి పనిచేసే తాళం.

ఇదంతా పరీక్షకే గాని జీతానికి పనికిరాదని అనేవారున్నారు. సిద్ధాంతం బట్టీపడితే వారి మాటే నిజం. కంపెనీకి కొలవగలిగే చేయి కావాలి. అందుకే పొద్దున, సాయంత్రం కోసిన ఆకులను సమాన బరువులో నూరి, ఫినాప్తలీన్ వేసి, బ్యూరెట్‌తో సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వదలండి. లేత గులాబీ రంగు నిలవడానికి పొద్దుటి ఆకుకు ఎక్కువ చుక్కలు పడతాయి. టైట్రేషన్, రికార్డు రాత రెండూ ఇందులోనే అలవడతాయి. నాణ్యత పరీక్షల ల్యాబ్‌లో రోజూ చేసే పనులు ఇవే. పరిశోధనకు వెళ్లేవారికి దారి పీజీ ప్రవేశ పరీక్షలైన సీపీగెట్, సీయూఈటీ పీజీ, ఆపై సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎ.ఎస్. రాఘవేంద్ర తోటకూర జాతి మొక్కల్లో పెప్ కార్బాక్సిలేజ్ నియంత్రణపైనే ఏళ్ల తరబడి పనిచేశారు. డిగ్రీ పేరు చూసి కోర్సును తక్కువ చేయకండి. రెండు పూటలా రాసుకున్న ఆ కొలతలు, వాటి తేడాకు మీరు చెప్పగల కారణం ఇంటర్వ్యూలో మీ తరఫున మాట్లాడతాయి.