దారిలో ఆగిన పాత కారు: లోపమును కనుగొను విధము

అంబాసిడరు కారు తయారీ 2014లో నిలిచిపోయినది. అయినను మన పల్లెలలో ఏ పెద్దరైతు కొట్టములోనో అట్టి బండి ఒకటి ఇప్పటికిని కనబడుచునే యున్నది. రాత్రివేళ ప్రసవవేదన పడు స్త్రీనో, పాము కరచిన కూలీనో ఆసుపత్రికి చేర్చవలసి వచ్చి, అంబులెన్సు రాక ఆలస్యమైనచో, ఊరివారు ముందుగా తట్టునది ఆ యింటి తలుపే. అట్టి బండి సగము దారిలో ఆగి, మరల కదలనిచో కలుగు అపాయము పంచాయతీ సభ్యులకు తెలియనిది కాదు. కావున పెట్రోలుతో నడచు పాత కారులో లోపమెచ్చట నున్నదో కనుగొను పద్ధతిని ఇచట వివరింపదలచితిమి.

ఇంజను నడచుటకు గాలితో కలిసిన పెట్రోలు, తగిన వేళకు నిప్పురవ్వ, ఈ రెండును ముఖ్యముగా కావలెను. ఆగిన బండికి వీనిలో ఏది అందుట లేదో తేల్చుటయే మొదటి పని. ఈ పరీక్షను బండి మొరాయించుచున్నప్పుడే చేయవలెను. చల్లారి, మరల నడచుచున్న బండిని పరీక్షించుట జ్వరము దిగిన పిదప రోగి నాడి చూచుట వంటిది. ఇచటనే పెక్కుమంది పొరపడుచున్నారు.

నిప్పురవ్వను చూచుటకు గేరును న్యూట్రలులో నుంచి, చేతిబ్రేకు వేసి, ఒక ప్లగ్గును విప్పవలెను. దాని తీగను దానికే తిరిగి తగిలించి, ప్లగ్గు లోహభాగమును ఇంజనుకు ఆనించి, ఒకరు సెల్ఫు కొట్టగా మరియొకరు చూడవలెను. ప్లగ్గును విప్పిన రంధ్రమునకు దూరముగా నుంచవలెను. తీగను వట్టిచేతితో పట్టరాదు. రవ్వ నీలిరంగుతో చిటపటమని గట్టిగా పడినచో ఆ వైపు దోషము లేదని తలపవచ్చును. పసుపుపచ్చగా, నీరసముగా పడినను, అసలు పడకున్నను డిస్ట్రిబ్యూటరు మూత తీసి కాంటాక్టు పాయింట్లు చూడవలెను. వాని నడిమి ఎడము సుమారు 0.4 మిల్లీమీటరు ఉండవలెను. పాయింట్లు మాడి నల్లబడినచో కండెన్సరును అనుమానింపవలెను. వేడెక్కినపుడు మాత్రమే రవ్వ మాయమై, చల్లారిన పిదప తిరిగి వచ్చుచున్నచో తప్పు తరచుగా కాయిలుదే. మంచి కాయిలు నొకదానిని తగిలించి చూచినచో సంగతి తేలిపోవును.

రవ్వ బాగుగా నున్నచో పెట్రోలును చూడవలెను. ముందుగా కాయిలు తీగను ఊడదీయవలెను. దరిదాపున బీడీ, దీపము ఉండరాదు. కార్బురేటరునకు వచ్చు గొట్టమును విప్పి, దాని కొనను సీసాలో పెట్టి సెల్ఫు కొట్టినచో పెట్రోలు విడతలు విడతలుగా చిమ్మవలెను. రాకున్నచో ఫిల్టరులో మడ్డి చేరినదేమో, పంపులోని పొర చినిగినదేమో, రబ్బరు గొట్టము బీటవారి గాలి పీల్చుచున్నదేమో చూడవలెను. సీసా అడుగున నీరు వేరుగా నిలచినచో టాంకును కడుగవలెను. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపుట వ్యాప్తిలోనికి వచ్చినది. పాతకాలపు రబ్బరు గొట్టములు కొన్ని దీనికి ఓర్వలేక మెత్తబడును. ఇథనాలుకు తగిన గొట్టములు మార్పించుట మేలు. నడివేసవిలో గొట్టములోని పెట్రోలు ఆవిరియై దారి నడ్డగించుటయు కలదు. అట్టి యెడల గొట్టముపై తడిగుడ్డ చుట్టి కొంతసేపు ఆగవలెను.

మేమెరిగిన యొక గ్రామములోని కారు ప్రతిసారియు సుమారు 12 కిలోమీటర్లు నడచి ఆగిపోవుచుండెను. అరగంట గడచినచో ఏమియు ఎరుగనట్లు మరల నడచెడిది. మేమును అందు ప్రయాణము చేసి ఒక తుమ్మచెట్టు క్రింద కూర్చుండవలసి వచ్చినది. పట్టణమునందలి మెకానికు మొదట కాయిలు మార్చెను, పిదప కార్బురేటరు మార్చెను. డబ్బు ఊరివారు చందాలుగా ఇచ్చినదే. బండి అతని షెడ్డునకు చేరుసరికి చక్కగా నడచుచుండుటచే అతనికి లోపము కంటబడనే లేదు.

డ్రైవరు మాత్రము రెండు సంగతులు గమనించియుండెను. డిసెంబరు చలిరాత్రియందును బండి అంతే దూరమునకు ఆగుచుండెను. టాంకు నిండుగా నున్ననాడు ఇంకను ముందుగా ఆగుచుండెను. వేడిమియే కారణమైనచో ఇట్లు జరుగదు గదా! ఒకనాడు బండి ఆగిన వెంటనే అతడు టాంకు మూత విప్పగా గాలి 'స్స్'మని లోనికి దూసుకొనిపోయినది. సెల్ఫు కొట్టగానే ఇంజను నడచినది. కారునకు రంగు వేయించినపుడు మూతకుండు సన్నని గాలిరంధ్రము పూడిపోయినదట. పెట్రోలు తరుగుచుండగా ఆ చోటికి గాలి రాక, పంపు లాగలేకపోయినది. నిండు టాంకులో గాలికి చోటు తక్కువ గనుక ఆ బిగువు త్వరగా ఏర్పడెడిది. అరగంటలో ఏ సందునుండియో గాలి మెల్లగా చేరి బిగువు సడలెడిది. సూదితో రంధ్రమును శుభ్రపరచిరి. పైస ఖర్చు లేదు.

అప్పటినుండి ఆ డ్రైవరు బండిలో ఒక చిన్న పుస్తకము నుంచుకొనినాడు. ఎంత దూరమునకు ఆగినది, టాంకులో ఎంత పెట్రోలున్నది, ఎంతసేపటికి తిరిగి నడచినది, రవ్వ పడినదా లేదా అనునవి అందు వ్రాసి, మెకానికు వద్దకు పోవునపుడు ముందు దానిని చూపుచున్నాడు.