పేగు మెడకు చుట్టుకుంటే ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నాకు ఎనిమిదో నెల. బిడ్డ మెడకు బొడ్డుపేగు ఒక చుట్టు పడిందని స్కానింగ్‌లో తేలింది. నేను చేతులు పైకెత్తి బట్టలు ఆరేయడం వల్లే ఇలా అయిందని మా అత్తమ్మ అంటోంది. ఆపరేషన్ తప్పదా?
- ఓ సోదరి, తాండూరు

జవాబు: మీ తప్పేమీ లేదమ్మా. బట్టలు ఆరేస్తే పేగు చుట్టుకోదు. సుమారు అర మీటరు పొడవుండే పేగు పక్కనే బిడ్డ ఉమ్మనీటిలో తిరుగుతుంటుంది కాబట్టి చుట్టు పడుతుంది. దాదాపు ప్రతి నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో ఇది కనిపిస్తుంది. కడుపులో బిడ్డ ముక్కుతో ఊపిరి తీసుకోదు. ప్రాణవాయువు పేగులోని రక్తం ద్వారానే అందుతుంది. ఆ రక్తనాళాలు నలగకుండా చుట్టూ జిగురు పొర కాపాడుతుంది. చుట్టు ఒక్కటే ఉండి, గుండె చప్పుడు బాగుంటే మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. తల బయటికి రాగానే డాక్టరు వేలితో ఆ చుట్టును తప్పిస్తారు.

రోజూ భోజనం చేశాక ఎడమవైపు తిరిగి పడుకుని, బిడ్డ కదలికలు లెక్కపెట్టండి. 2 గంటల్లో 10 రావాలి. పరీక్షలు మానకండి. కాన్పు ఇంట్లో వద్దు.

కదలికలు తగ్గినా, రక్తస్రావమైనా తెల్లారేదాకా ఆగకుండా తాండూరు మాతా శిశు ఆసుపత్రికో, వికారాబాద్ ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లండి. ఉమ్మనీరు పోయినా వెంటనే బయల్దేరాలి. పేగు బయటికి జారితే లోపలికి నెట్టొద్దు. మోకాళ్లపై వంగి, తల కిందికి, నడుము పైకి ఉంచి, వెంటనే 108కి ఫోన్ చేయించండి. అప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే.