మామిడి కోతల వేళ గబ్బిలాల పటం

కార్వేటినగరం చుట్టుపక్కల తోతాపురి కోతలు దగ్గరపడ్డాయి. కావడి, నిచ్చెన, కూలీలు, లారీ అన్నీ చూసుకునే రైతు గబ్బిలాల విషయానికి వచ్చేసరికి టపాకాయలు కొనడంతో సరిపెడతాడు. ఏ గబ్బిలం ఏ మానును, ఏ గుట్టను పట్టుకుని ఉందో ఊరివాళ్లే పటం గీసిపెట్టుకోవాలి, అదీ సేద్యం పనే. మన దేశంలో గబ్బిలాల జాతులు 120కి పైనే. వాటిలో పండ్లు తినేవి కొన్నే, తక్కినవి ఎక్కువగా పురుగుల మీద బతికేవి. మర్రిమానుకు పగలంతా గుంపుగా వేలాడే పెద్ద గబ్బిలాన్నీ, పాత మండపం సందుల్లో నక్కే చిన్నదాన్నీ ఒకే గాట కట్టడంతోనే మనకు నష్టం మొదలవుతుంది. థాయిలాండులో గుహల్లో ఉండే ఒక చిన్న గబ్బిలం వరికి పట్టే తెల్లవీపు దోమను తింటుందని పరిశోధకులు చూపారు. అమెరికాలో బూజు తెగులుతో గబ్బిలాలు చచ్చిన కౌంటీల్లో రైతుల పురుగుమందుల వాడకం 31 శాతం పెరిగిందని 2024లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. మందు ఖర్చు తెలిసిన రైతుకు ఆ అంకె అర్థం చెప్పనక్కరలేదు.

మామిడి తినేదాన్ని కూడా కాపాడాలా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే పెద్ద గబ్బిలం వెతికేది చెట్టున మాగిన పండును. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే కాయను పక్వానికి రాగానే కోస్తాం కాబట్టి, ధర కోసం కోత వాయిదా వేసిన తోటకే దెబ్బ ఎక్కువ. పటంలో గుంపు ఉండే మాను ఎక్కడుందో తెలిస్తే దానికి దగ్గరి చెట్లనే ముందుగా కోయవచ్చు, ఇంటి కోసం ఉంచుకున్న కాయలకు కాగితం సంచులు కట్టవచ్చు. మాను కొట్టేస్తే పీడ పోతుందనుకోవడం భ్రమ: రాత్రికి ఎన్నో మైళ్లు తిరిగే జీవి అది. మారిషస్ ప్రభుత్వం 2015 నుంచి వేల గబ్బిలాలను చంపించినా పండ్ల రైతులకు ఆశించిన మేలు దక్కలేదు. పైగా మన చట్టం కూడా మారింది. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో చీడజీవుల పట్టికలో ఉన్న పండ్ల గబ్బిలాలకు 2022 సవరణతో ఆ ముద్ర పోయింది. ఇక గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ భయం. 2018లో కేరళను చూశాక దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. గబ్బిలం కొరికిన పండు తినకూడదు, కల్లు కుండలకు మూత ఉండాలి. గుంపును చెదరగొడితే అది పక్క ఊరికి చేరుతుందే తప్ప జబ్బు భయం తగ్గదు.

పటం ఎందుకో చెప్పడానికి మన పొరుగునున్న కోలారు చాలు. అక్కడి హనుమనహళ్లి గుట్ట గుహలో తప్ప ప్రపంచంలో మరెక్కడా కోలారు ఆకుముక్కు గబ్బిలం ఉన్నట్టు ఇప్పుడు ఆధారం లేదు. ఉన్నవి 200 లోపేనని అంచనా, పక్కనే గ్రానైట్ తవ్వకాల ముప్పు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ గుట్టలు గాలించబట్టే ఈ మాత్రమైనా తెలిసింది. చిత్తూరు జిల్లాలోనూ గ్రానైట్ గుట్టలకు కొదవ లేదు, క్వారీకి లీజు ఇచ్చేముందు లోపల ఏముందో చూసే అలవాటే తక్కువ. ఖర్చు లేని పని ఇది. పొద్దుగూకే వేళ దూరంగా నిలబడి ఎన్ని బయటికి వస్తున్నాయో లెక్కపెట్టి, చోటు, తేదీ, చెట్టు పేరు రాసి పంచాయతీలోని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో ఎక్కించండి. గుహల్లోకి దూరవద్దు. పెద్ద గబ్బిలాలు ఫిబ్రవరి నుంచి మే దాకా పిల్లలు పెట్టి పొట్టకు కరిపించుకుని తిరుగుతాయి. టపాకాయల మోతకు ముందు రాలేది ఆ పిల్లలే, అందుకని ఆ మాను దగ్గర మాత్రం వాటిని కాల్చకండి.