చుండెలుక కండలోని కంతి

పరిశోధనాలయములలో పెంచెడి చుండెలుకల కండరములందు అరుదుగా కంతులు పుట్టును. ఏ-జె, బాల్బ్-సి వంశముల యెలుకలలో నివి తమంతట దామే పుట్టుటయు గలదు. కండరకణముల లక్షణములు గల ప్రాణాంతకమైన కంతిని రాబ్డోమయోసార్కోమా యందురు. అయినను కండలో నున్న ప్రతి కంతియు కండకంతి కాదు. ఆ భేదమును మనము సూక్ష్మదర్శినితోనే కనుగొనవలెను.

కంతిముక్కను ఫార్మలినులో నుంచి, మైనములో పొదిగి, మిక్కిలి పలుచని పొరలుగా గోసి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ అను రంగులు పట్టింతుము. అప్పుడు కేంద్రకములు నీలముగను, కండరపదార్థము గులాబివర్ణముగను గనబడును. పట్టెలవలె సాగిన కణములును, పెక్కు కేంద్రకములుగల కణములును, వానిలో అడ్డచారలును గానవచ్చినచో అది కండకంతి యనుటకు నిదర్శనము. చారలు కానరానిచో ప్రతిరక్షకముల సాయమున డెస్మిన్, మయోజెనిన్ అను మాంసకృత్తులను వెదకుదుము.

ఇచ్చట నొక మోసము గలదు. వేరొక జాతి కంతి కండలోనికి జొచ్చునపుడు దాని యంచున మంచి కండరతంతువులు చిక్కుకొనును. దెబ్బతిని మరల పెరుగుచున్న తంతువులును మయోజెనినును జూపును. వానిని జూచి తొందరపడినచో తప్పుపేరు పెట్టుదుము. ఆ తప్పు ఔషధపరీక్షల ఫలితములలో జేరి తుదకు రోగికే కీడగును. కావున నా గురుతు వికృతకణములోననే యున్నదా యని విచారించి, పిమ్మటనే పేరు పెట్టుదము.