పగడాల రేవు – అల్గేరో

మధ్యధరా సముద్రములో ఇటలీ దేశమునకు చెందిన సార్డీనియా అను పెద్ద ద్వీపము కలదు. దాని వాయవ్యతీరమున అల్గేరో అను రేవుపట్టణము ఉన్నది. ఇటలీకి పోవువారిలో పెక్కుమంది రోమును, వెనిసును చూచి వత్తురు. మనము మాత్రము నేడు ఈ చిన్న పట్టణమునకు యాత్రికులమై పోవుదము. ఏలయన, ఆ ఊరి పిల్లలకును మనకును ఒక పోలిక ఉన్నది.

ముందుగా పాత ఊరిలో ప్రవేశింతము. భూమివైపునున్న కోటగోడలను 19వ శతాబ్దమున చాలవరకు పడగొట్టినారు. సముద్రమువైపు గోడలును, కొన్ని బురుజులును నేటికిని నిలిచియున్నవి. ఆ గోడలకు కొలంబసు, మాగెల్లాను, మార్కోపోలోల పేర్లు పెట్టినారు. సాయంకాలము వానిపై నడచుచు, కాపో కాచా అను కొండకొనవైపు సూర్యుడు క్రుంకుట చూడవచ్చును. వెనుకకు తిరిగినచో రంగురంగుల పెంకులు పొదిగిన సాన్ మికేలే చర్చి గుమ్మటము కనబడును.

ఈ తీరమునకు 'పగడాల తీరము' అని పేరు. ఇచటి సముద్రగర్భమున ఎర్రపగడము దొరకును. పట్టణపు చిహ్నములో సయితము పగడపుకొమ్మ కలదు. మధ్యధరా పగడములు ప్రాచీనకాలమునుండియు మన దేశమునకు వచ్చుచుండెడివి. మన అవ్వల మెడలోని పగడాలపేరును తలచుకొన్నచో ఆ సముద్రము మనకు అంత దూరముగా తోచదు.

మరునాడు కాపో కాచా క్రిందనున్న నెప్ట్యూను గుహకు పోవుదము. పడవలో పోవచ్చును, లేదా 1954లో కొండకు కట్టిన 654 మెట్లు దిగవచ్చును. వాననీరు సున్నపురాతిని కొంచెముగా కరగించి, చుక్కచుక్కగా జారి, వేలకొలది సంవత్సరములలో లోపలి స్తంభములను నిర్మించినది. సముద్రము పొంగినప్పుడు గుహను మూసివేయుదురు. దిగుట సులభము, ఎక్కి వచ్చునప్పుడే మెట్ల లెక్క తెలియును!

ఇక ఆ పోలిక సంగతి. పాత ఊరి వీథిపలకలపై రెండు భాషలలో పేర్లు కనబడును. ఇటాలియనులో వీథిని 'వియా' అందురు. రెండవ భాషలో 'కర్రేర్' అందురు. ఈ రెండవది కాటలాను భాష. అది సుమారు 500 కిలోమీటర్ల సముద్రమునకు ఆవల, స్పెయినులోని బార్సిలోనా ప్రాంతపు భాష. 1354లో అరగాను రాజు నాలుగవ పేద్రో ఈ పట్టణమును జయించెను. పిమ్మట అచటివారిని వెడలగొట్టి కాటలాను ప్రజలను కాపురముంచిరి. ఒకరి ఇండ్లు పోగా మరియొకరు స్థిరపడిరన్న సత్యమును మనము మరువరాదు. 1720లో ద్వీపము సవాయ్ వంశీయుల పాలనకు వచ్చెను. పాలకులు మారినను, ఇండ్లలోను రేవులోను ఆ భాష ఆరువందల ఏండ్లకు పైగా నిలిచినది.

1999లో ఇటలీ చేసిన చట్టము కాటలానుతో కలిపి పండ్రెండు అల్పసంఖ్యాక భాషలకు రక్షణ కల్పించినది. అయినను నేడు అచట పిల్లలతో ఇటాలియనులోనే మాట్లాడు తల్లిదండ్రులు ఎక్కువ. రాజులు మారినప్పుడు పోని భాష, ఇంటిలో పలుకు తగ్గుటచే క్షీణించుచున్నది. చట్టము పలకపై పేరు వ్రాయించగలదు. అమ్మ నోట పాట పాడించలేదు.

మనమును ఇంటిలో తెలుగును, బజారులో మరియొక భాషను పలుకువారము. బజారు భాషను చక్కగా నేర్చుకొందము. అది మన పొరుగువారి భాష, మన బ్రతుకు భాష. దానికై ఇంటి భాషను విడువ నక్కరలేదు.

అభ్యాసము: మీ తాతగారినో అవ్వగారినో అడిగి, మీ ఇంటిలో మాత్రమే వినబడు పది తెలుగు మాటలను అర్థములతో వ్రాసికొని రండు. తల్లిదండ్రులు ఆ మాటలను పిల్లలచే వాక్యములలో పలికింపవలెనని కోరుచున్నాము.