సరిహద్దున సత్యమే రక్ష

అమెరికా పౌరులతో పెండ్లి నిశ్చయమై, వారిని చూచి రాబోవు విద్యార్థులు ఒక విషయము గ్రహింపవలెను. వీసా ఉన్నంతమాత్రమున ప్రవేశము ఖాయము కాదు. దానిని విమానాశ్రయమందలి అధికారి నిర్ణయించును. 1952 నాటి వలస చట్టములోని 214(బి) సెక్షను సందర్శకుని స్థిరపడవచ్చినవానిగానే మొదట భావించును. కాదని నిరూపించు భారము సందర్శకునిదే. కనుక తిరుగు టిక్కెట్టు, కళాశాల లేక ఉద్యోగ ధ్రువపత్రము, బస చిరునామా చేతనుంచుకొనవలెను. ఎవరికొరకు వచ్చితిరని అడిగినచో బంధమును దాచరాదు. ముఖ్యవిషయమున బుద్ధిపూర్వకముగా అసత్యమాడినచో ఆ దేశద్వారము శాశ్వతముగా మూతపడవచ్చును. అప్పుడు కాపురమునకే చేటు. అడిగినదానికి క్లుప్తముగా, నిజముగా బదులీయవలెను. అచ్చటనే వివాహమాడి స్థిరపడదలచినవారికి కె-1 వీసా వేరుగా కలదు. సందర్శకులు ఐ-94లో నమోదైన గడువులోపల తిరిగి రావలెను.